టిఫిన్ సెంటర్ రీల్స్ కోసం కెమెరా కళ్లజోడు కొనొచ్చా? తిరుపతి వీడియోగ్రాఫర్‌గా నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తిరుపతిలో మీ అమ్మానాన్నలు చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నారు. రీల్స్ పెట్టి దాన్ని నలుగురికీ తెలిసేలా చేయాలని మీ కోరిక. అందుకు కెమెరా ఉన్న కూలింగ్ గ్లాసెస్ కొనాలా, ముప్పై నలభై వేలు పెట్టాలా, ఆన్‌లైన్‌లో మూడు వేలకు దొరికేది చాలదా, దాంతోనే తిరుమల నడకదారి కూడా తీయొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ అమ్మగారు పెనం దగ్గర చేసే పనిని ఆమె కళ్లకు కనిపించినట్టే చూపించాలంటే కెమెరా కళ్లజోడు బాగా పనికొస్తుంది. మిగతా అన్నిటికీ మీ జేబులో ఉన్న ఫోనే మేలు. కొంటే నల్లద్దాలది వద్దు, తెల్లద్దాలదో ఎండకు రంగు మారేదో తీసుకోండి. మూడు వేల రకం అసలు వద్దు. తిరుమలకు తీసుకెళ్లకండి. డబ్బు పెట్టే ముందు కింద నేను చెప్పే పరీక్ష పది రోజులు చేసి చూడండి, దానికి కొద్ది వందలే ఖర్చు.

నేను 14 ఏళ్లుగా తిరుపతిలో పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్నాను. ఐదారేళ్లుగా హోటళ్లకు, బట్టల షాపులకు, నర్సరీలకు రీల్స్ కూడా చేసిపెడుతున్నాను. 2025 మే నెలలో రే-బాన్ మెటా కళ్లజోడు (కళ్లజోళ్ల బ్రాండ్ రే-బాన్, ఫేస్‌బుక్ వాళ్ల మెటా కంపెనీ కలిసి తెచ్చిన కెమెరా కళ్లజోడు) మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ధర 29,900 రూపాయల నుంచి మొదలైంది. నెల తిరక్కముందే కొన్నాను. అంతకుముందు చవక రకం కూడా ఒకటి కొని చూశాను, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ వస్తువు పూర్తిగా కొత్తదేమీ కాదు. స్నాప్‌చాట్ కంపెనీ 2016లోనే స్పెక్టకిల్స్ పేరుతో 130 డాలర్లకు ఒకటి తెచ్చింది. బటన్ నొక్కితే 10 సెకన్ల గుండ్రటి వీడియో వచ్చేది. 2021లో రే-బాన్ స్టోరీస్, 2023లో రే-బాన్ మెటా వచ్చాయి. 2023 మోడల్‌లో 12 మెగాపిక్సెల్ కెమెరా, ఐదు మైకులు, 32 జీబీ మెమరీ ఉన్నాయి. తర్వాత వచ్చిన దాని రెండో తరంలో వీడియో ఇంకా స్పష్టమైన 3కె నాణ్యతకు పెరిగింది, బ్యాటరీ కూడా పెరిగింది. బరువు మాత్రం 50 గ్రాముల చుట్టుపక్కలే. అందుకే గంటసేపు పెట్టుకున్నా ముక్కు నొప్పి పుట్టదు.

ఎవరికి పెట్టాలి అన్నదే అసలు విషయం. మొదటి రెండు నెలలు నేనే పెట్టుకుని తిరిగాను. వీడియోలు వచ్చాయి గానీ, ఫోనుతో తీసినవాటికంటే గొప్పగా ఏమీ లేవు. ఒకరోజు శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఆయన వెదురు కలంతో బొమ్మ గీస్తారు. కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ ఉంటే రంగు కొద్దికొద్దిగా ముల్లు దాకా దిగుతుంది. ఎక్కువ నొక్కితే మరక పడుతుంది, తక్కువ నొక్కితే గీత తెగుతుంది. ఆ పని మొత్తం ఆ నొక్కుడులోనే ఉంది. అంతకుముందు ఎన్నోసార్లు పక్కన నిలబడి తీశాను, ఒక్క వీడియోలోనూ అది కనిపించలేదు. ప్రతిసారీ ఆయన భుజమో నా నీడో అడ్డం వచ్చేది. ఆ రోజు కళ్లజోడు తీసి ఆయనకే పెట్టాను. 40 సెకన్ల వీడియో వచ్చింది. బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టి చేసిన ఆ నల్లరంగు వేలి నొక్కుడుకు దిగడం, గీత ఎక్కడా ఆగకుండా నెమలి మెడ ఒంపు తిరగడం, అన్నీ ఉన్నాయి. ఆయన కొడుకు చూసి, నాన్న ఇలా చేస్తాడని నాకే తెలియదన్నా అన్నాడు.

అప్పటినుంచి నేను పెట్టుకోవడం మానేసి, పనిచేసే మనిషికి పెడుతున్నాను. చిత్తూరు వైపు ఒక నర్సరీలో మామిడి అంటు కట్టే అమ్మాయికి పెట్టాను. టెంక నుంచి మొలిచిన మొక్క కాండాన్ని చీల్చడం, తెచ్చిన కొమ్మ మొదలును రెండువైపులా చెక్కి అందులో దించడం, ప్లాస్టిక్ రిబ్బన్ బిగించడం, అంతా అర నిమిషంలో అయిపోతుంది. ఆమె రెండు చేతులకూ పనే. ఇలాంటి చోట ఫోను ఎవరు పట్టుకుంటారు?

మీ టిఫిన్ సెంటర్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. పిండి పోయడం, గరిటెతో తిప్పడం, ఎర్రకారం పూయడం, అంచుకు నూనె వేయడం, అట్లకాడతో లేపి మడవడం. చూసేవాడికి తానే పెనం ముందు నిలబడినట్టు ఉంటుంది. కాబట్టి కళ్లజోడు మీ అమ్మగారికో నాన్నగారికో పెట్టండి, మీరు పెట్టుకుని బల్లల మధ్య తిరగొద్దు.

దీనికి పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. మొన్న కనుమకు చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేట పశువుల పండుగకు పెట్టుకుని వెళ్లాను. కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులు పరుగెత్తి వస్తుంటే కుర్రాళ్లు వాటిని అందుకోవడానికి ఎగబడతారు. అక్కడ తల ఒక్కచోట నిలబడుతుందా? పది సెకన్లలో పదిసార్లు తిరిగాను. ఇంటికొచ్చి చూస్తే నాకే కళ్లు తిరిగాయి. దీనికి జూమ్ లేదు, అంతా దూరంగా చిన్నచిన్నగా పడింది. పక్కనే మిద్దె మీద నుంచి మా వాడు ఫోనుతో తీసిన వీడియో పదింతలు బాగుంది.

ఈ కెమెరా కన్ను చూసినచోటికి వెళ్లదు, తల తిరిగినచోటికి వెళ్తుంది. కొత్తవాళ్లందరూ తప్పు చేసేది ఇక్కడే. దోశ పోసేటప్పుడు మనం తల వంచం, కనుగుడ్లు మాత్రమే దించుతాం. అప్పుడు వీడియోలో గోడ, గోడ మీద క్యాలెండర్ వస్తాయి. పెనం సగమే కనిపిస్తుంది. గడ్డం మెడకు దగ్గరగా వచ్చేలా తల వంచమని చెప్పాలి. తల కదిపినా నీళ్ల బిందె నెత్తిన పెట్టుకున్నంత నెమ్మదిగా కదపాలి. నేను అందరికీ ఈ బిందె మాటే చెప్తాను, పల్లెల్లో పెరిగినవాళ్లకు వెంటనే ఎక్కుతుంది.

ఇంకో సంగతి, కెమెరా ఫ్రేములో ఒక మూలన ఉంటుంది, ముక్కు మీద కాదు. దూరపు వస్తువులకు తేడా తెలియదు గానీ, మూరెడు దూరంలో ఉన్న పని పక్కకు జరిగి కనిపిస్తుంది. మొదటి రోజు నాలుగైదు తీసి చూసి, పెనం ఎటువైపు జరుపుకోవాలో గుర్తుపెట్టుకోండి. వీడియో నిలువుగానే వస్తుంది. రీల్‌కు సరిపెట్టేటప్పుడు రెండు పక్కలా కొంత కత్తిరించుకుపోతుంది, అందుకే దోశ మధ్యలోనే ఉండాలి. అడ్డంగా ఉండే పొడుగు యూట్యూబ్ వీడియోల కోసమైతే ఇది కొనొద్దు.

వంటింట్లో దీనికి పెద్ద శత్రువు ఆవిరి. ఇడ్లీ పాత్ర మూత తీసిన క్షణం లెన్సు మసకబారుతుంది. బజ్జీల బాణలి దగ్గరైతే కంటికి కనిపించని నూనె పొర పడుతుంది. వీడియో మొత్తం పొగమంచులో తీసినట్టు వస్తుంది, కారణం తెలియక కెమెరా పాడైందనుకుంటాం. ప్రతి రెండు మూడు క్లిప్పులకు ఒకసారి కళ్లజోడు గుడ్డతో కెమెరా కన్ను తుడవాలి. చీర కొంగుతో తుడిస్తే సన్నటి గీతలు పడతాయి. నా కళ్లజోడు మీద అలాంటి గీత ఒకటి ఉంది. వెలుతురుకు ఎదురుగా తీస్తే అది తెల్లటి చారలా కనిపిస్తుంది.

శబ్దం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టిఫిన్ వీడియోలో సగం ప్రాణం శబ్దమే. పెనం మీద పిండి పడిన చుయ్ శబ్దాన్ని ఈ మైకులు చాలా బాగా పడతాయి. కానీ పెట్టుకున్న మనిషి గొంతు అన్నిటికంటే పెద్దగా వస్తుంది, ఎదుటివాళ్ల మాట సన్నగా వస్తుంది. మీ అమ్మగారు వీడియో మధ్యలో "రెండు ప్లేట్లు పూరీ!" అని లోపలికి కేక వేస్తే చూసేవాడి చెవి అదురుతుంది. దోశ పోసే ఆ 20 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా తీయండి. ఆమె మాటలు కావాలంటే, రద్దీ తగ్గాక ఫోను ఎదురుగా పెట్టి విడిగా తీసుకోండి. ముఖం కనిపించే వీడియో ఒకటైనా ఉండాలి కదా, కళ్లజోడు పెట్టుకున్న మనిషి ముఖం అందులో ఎప్పటికీ పడదు.

బ్యాటరీ విషయంలో పెట్టె మీద రాసిన గంటలను నమ్ముకోవద్దు. పాటలు వింటూ, అప్పుడప్పుడూ ఫోటో తీస్తూ వాడితే వచ్చే లెక్క అది. వీడియోలే వరసగా తీస్తే నా 2023 మోడల్ కళ్లజోడు గంట కూడా నిలబడదు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది మీ రద్దీ సమయం అనుకుంటే, ఆ రెండు గంటలూ ఆన్‌లో ఉంచకుండా ఎంచుకుని తీయండి, మధ్యలో దాంతో వచ్చే ఛార్జింగ్ పెట్టెలో పెడితే ఛార్జ్ ఎక్కుతుంది. మన తిరుపతి మే ఎండలో ఇది వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తుంది, నాకు రెండుసార్లు అయింది. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం మరీ ప్రమాదం, లోపల ఉన్నది లిథియం బ్యాటరీ. చెమట చుక్కలు, తుంపర తట్టుకుంటుంది గానీ, తలకోన జలపాతం కింద పెట్టుకుని నిలబడితే బతకదు.

నల్లద్దాలు ఎందుకు వద్దంటున్నానంటే, మీ పని లోపలా, తెల్లవారుజామునా. నల్లద్దాలు పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే మీ అమ్మగారికి నూనె కాగిందో లేదో కనిపించదు, చెయ్యి కాలుతుంది. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు స్టైల్‌గా ఉందని నల్లద్దాలే కొన్నారు. సాయంత్రం ఆరు దాటాక వాళ్లు దాన్ని వాడలేరు. పైగా లైటు తక్కువైతే ఈ చిన్న కెమెరా వీడియో గరుకుగా వస్తుంది. పెనం పైన మంచి తెల్ల ట్యూబ్‌లైట్ ఒకటి వేయించండి. ఫోనుతో తీసినా అది ఉపయోగపడుతుంది.

ఇప్పుడు మూడు వేల రకం సంగతి. నేను కొన్నదాని ధర 2,800. ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉంది. తీస్తే ముఖాలు మైనం బొమ్మల్లా వచ్చాయి, ప్రతి వీడియో మీదా తప్పు తేదీ అచ్చు పడింది, మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది. ఇవన్నీ భరించవచ్చు. నేను దాన్ని పక్కన పడేసింది వేరే కారణానికి. రికార్డ్ అవుతోందని ఎదుటివాళ్లకు చెప్పే లైటు దానికి లేదు. అంటే అది రహస్య కెమెరా. మంచి కంపెనీ కళ్లజోడుకు తీస్తున్నంతసేపూ ఒక తెల్ల లైటు వెలుగుతుంది, దాన్ని మూస్తే కెమెరా పనిచేయదు. ఆ లైటును ఆపే ఉపాయాలు చెప్పేవాళ్లు, చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల జోలికి వెళ్లకండి. మీ సెంటర్‌కు ఆడపిల్లలు, కుటుంబాలు వస్తారు. ఒక్కసారి "అక్కడ దొంగగా వీడియో తీస్తారట" అనే మాట పుడితే ఏ రీల్ దాన్ని చెరపలేదు. చట్టం కూడా చిన్నది కాదు. ఒప్పుకోలు లేకుండా మనుషుల ఆంతరంగిక దృశ్యాలు తీస్తే ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల దాకా జైలు, ఆడవాళ్ల విషయంలో భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది. సినిమా హాల్లో తెర వైపు తీసినా 2023లో వచ్చిన సవరణతో జైలు శిక్ష ఉంది. కళ్లజోడే కదా అని మర్చిపోయి అలాగే హాల్లోకి వెళ్లేవాళ్లను చూశాను.

లైటు వెలుగుతోంది కాబట్టి చెప్పక్కర్లేదు అనుకోవడం కూడా తప్పే, నేనూ అలాగే అనుకున్నాను. ఒకసారి కూరగాయల మార్కెట్లో టమాటాల గుట్టలు తీస్తుంటే ఒక అక్క ఎదురొచ్చి, ఏందన్నా ఆ లైటు, నన్ను తీస్తున్నావా అని అడిగింది. డిలీట్ చేసేస్తానక్కా అన్నాను. ఇప్పుడే నా ముందే డిలీట్ చెయ్ అంది. ఫోనులో అయితే ఒక్క నిమిషం పని. కళ్లజోడులో వీడియో చూపించడానికి తెర లేదు. ముందు అది ఫోన్ యాప్‌లోకి రావాలి. ఆ ఎండలో, చుట్టూ పది మంది చేరిన చోట, ఆరేడు నిమిషాలు ఆమెను నిలబెట్టి, వచ్చాక చూపించి డిలీట్ చేశాను. ఆమె భయం ఎంత సహజమో, నా తప్పు ఎంత ఉందో అప్పుడు తెలిసింది. ఇప్పుడు నేను ముందు నోటితో చెప్తాను, తర్వాతే బటన్ నొక్కుతాను. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంటాను. మీరైతే గల్లాపెట్టె దగ్గర "పెనం దగ్గర వీడియో తీస్తున్నాం, మీరు పడకూడదంటే చెప్పండి" అని తెలుగులోనూ తమిళంలోనూ ఒక బోర్డు పెట్టండి. మన ఊరికి తమిళ యాత్రికులు ఎంతమంది వస్తారో మీకు తెలిసిందే. కెమెరాను పెనం వైపు, గోడ వైపు ఉండేలా పెట్టుకుంటే బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు అసలు పడరు.

తిరుమల విషయంలో నా మాట ఖచ్చితం: ఇంట్లోనే పెట్టి వెళ్లండి. ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు అనుమతించరు, కౌంటర్లో డిపాజిట్ చేయాలి. ఇది కళ్లజోడులా ఉన్నా కెమెరానే. ఆలయం ముందు, మాడవీధుల్లో రీల్స్ తీస్తే చర్యలు తీసుకుంటామని 2025 జూలైలో టీటీడీ గట్టిగా హెచ్చరించింది కూడా. నడకదారి సంగతి అడిగారు. మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వెళ్లే ఆడవాళ్లు, అలిసి కూలబడ్డ ముసలివాళ్లు, వాళ్లు మొక్కు తీర్చుకుంటున్నారు. వాళ్ల ముఖాలు మన రీల్‌లో పడటం నాకు ఇష్టం లేదు. నేనైతే ఎప్పుడూ తీయలేదు.

దీంట్లో ఎవరికీ తట్టని చిక్కు ఒకటుంది. దీనికి పవర్ అద్దాలు వేయించుకుని, అదొక్కటే పెట్టుకుని కొండకు వెళ్తే, కళ్లజోడు డిపాజిట్ చేసి మసక కళ్లతో స్వామి ముందుకు వెళ్లాలి. ఆ ఒకటి రెండు క్షణాల దర్శనం కోసం గంటలు నిలబడతాం కదా. మామూలు కళ్లజోడు ఇంకొకటి తప్పనిసరిగా దగ్గర పెట్టుకోండి. తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి ఎక్కడికి వెళ్లినా ఇదే పద్ధతి పాటించండి.

ఇక పరీక్ష. నెత్తికి కట్టుకునే మొబైల్ స్ట్రాప్ మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. ఫోనును నిలువుగా బిగించి, వైడ్ కెమెరా పెట్టి, మీరే కట్టుకుని పది రోజులు దోశలు పోయండి. బరువుగా, ఇబ్బందిగా ఉంటుంది, పది రోజులే కాబట్టి ఓర్చుకోండి. రోజుకు రెండు క్లిప్పులు, ఒక్కొక్కటి 20 సెకన్లు. వాటిని సెంటర్‌తో సంబంధం లేని స్నేహితుడికి చూపించండి. 20లో ఐదారు అయినా అతను చివరిదాకా చూస్తే, మీ చేతిపని ఈ కోణంలో బాగుంటుందని లెక్క, అప్పుడు కళ్లజోడు కొనండి. అతను మధ్యలో వేలు పైకి జరిపేస్తుంటే, ఆ ముప్పై వేలతో సెంటర్‌కు లైట్లు, కొత్త పెనం, ఫోనుకు ఒక మంచి స్టాండు కొనండి. నేను ఇలా చెప్పి పంపినవాళ్లలో ఎక్కువమంది కళ్లజోడు కొనలేదు, వాళ్ల పేజీలు బాగానే నడుస్తున్నాయి.

కొనాలని తేలితే ఆన్‌లైన్‌లో కాకుండా షాపుకు వెళ్లి, అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. ఫ్రేము జారితే కెమెరా కిందికి వంగుతుంది, వీడియో అంతా ఆమె చేతుల మీదే ఆగిపోతుంది, అందుకే ఆమె ముక్కుకు అది నిలబడాలి. ఆమెకు చత్వారం ఉందా, ఇప్పుడు బైఫోకల్ వాడుతున్నారా? ఈ ఫ్రేములకు ఎంత పవర్ దాకా అద్దాలు పడతాయో ఒక హద్దు ఉంటుంది, అద్దాలకు ఖర్చు వేరే అవుతుంది. డాక్టరు రాసిన పవర్ చీటీ చూసి ఆ నంబర్లు ఇక్కడ రాయండి, ఏ రకం అద్దం అడగాలో చెప్తాను.